ఎక్స్‌చేంజమ్మ, ఆమె సహజ సరస్సు

ఇది మహాకావ్యం. ఇందులో ఒక సరస్సు ఉంది. దాని ఒడ్డున ఒక దేవత ఉంది, ఆ దేవతను తరతరాలుగా కొలిచే ఒక వంశం ఉంది. రాజ్యం ఉంది, రాజ్యానికి ఖజానా ఉంది, ఆ ఖజానా తలుపు తెరిపించడానికి ఒంటరిగా బయల్దేరిన వీరనారి ఉంది. దైవపరీక్ష, రహస్య మంతనాలు, నిండు సభలో నిజం బయటపడే ఘట్టం, అన్నీ ఉన్నయి.

అంటే, ఇంచుమించుగ. సరస్సు అన్నది హైదరాబాదుల బార్కస్ అవతల మా బస్తీ వెనకాల ఉన్న కుంట. దేవత కట్ట మైసమ్మ. గుడి ఎంత పెద్దదంటే, ఒక మనిషి వంగి లోపలికి పోతే రెండో మనిషి బయట నిలబడాలె. వీరనారి టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌ల ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన ముసలామె. ఖజానా తలుపు అంటే ఆన్‌లైన్ దరఖాస్తు. ఇది దరఖాస్తు కథ అని ముందే చెప్తే ఎవ్వరూ చదవరని గట్ల మొదలుపెట్టిన.

మొన్న నేను పనిచేసే జిరాక్స్ షాపుల ఒకాయనకు ఆధార్ కార్డు కాపీలు తీస్తుంటే నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. ‘మీ సరస్సు పునరుద్ధరణ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది. మీ ఓపికకు ధన్యవాదాలు.’ ఓపిక పట్టిన మనిషి పోయిన చలికాలమే పోయింది. ల్యాండ్‌లైన్‌ను తప్ప దేన్నీ ఫోన్ అని ఒప్పుకోని మనిషి గాబట్టి దరఖాస్తు మీద నా నంబరు ఇచ్చిన. ఆ దరఖాస్తును ఆఫీసుల ఎన్నడో కొట్టేసిన్రు. ఆ సంగతి కంప్యూటర్‌కు ఎవ్వరూ చెప్పలే.

“ఏంది తమ్మీ, బ్యాంకు మెసేజా?” అన్నడు కాపీల కోసం వచ్చినాయన.

“కాదన్నా. చెరువుది.”

“చెరువు మెసేజులు పంపుతదా?”

“మనది పంపుతది.”

ఆయన నా మొఖం దిక్కు చూసి, కాపీలు లెక్క చూసుకొని పోయిండు. నేను ఆ మెసేజ్‌ను డిలీట్ చెయ్యలే.

బస్తీల అందరూ ఆ ముసలామెను ఎక్స్‌చేంజమ్మ అనేటోళ్ళు. అసలు పేరు దరఖాస్తు నింపేటప్పుడే నాకూ తెలిసింది. అది ఇక్కడ రాస్తే బస్తీల ఎవ్వరూ గుర్తుపట్టరు, అందుకే రాస్తలేను. పుట్టింది మొఘల్‌పురాల. పెండ్లయి మా దిక్కు వచ్చింది. “నాకయింది పెండ్లి గాదురా, ట్రాన్స్‌ఫర్,” అనేది. “జాయినింగ్ టైమ్ గూడ ఇయ్యలే.”

ఆమె గొంతు గురించి చెప్పాలె. ట్రంక్ కాల్ బుక్ చేసుకొని పొద్దంత ఎదురుచూసే కాలంల బార్కస్‌ను దుబాయితోటి, జెద్దాతోటి కలిపిన గొంతు అది. జామకాయల బండి పెట్టే బార్కస్ చాచాకు ఆమె మొఖం కంటె ముందు గొంతే తెలుసు. “మేరే నిఖా కీ ఖబర్ భాయి కో జెద్దా మే ఆపా ఇచ్ దియే,” అని ఇప్పటికీ చెప్తడు. అంటే ఆయన పెండ్లి ఖాయమైన వార్త జెద్దాల ఉన్న వాళ్ళన్నకు చెప్పింది ఈమెనే, ఆపా అంటే అక్క. లైన్ల చాచా మాట సరిగ్గ వినబడక, మధ్యల ఉన్న ఈమె ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పిందంట. పిల్ల ఎట్లుందని అన్న అడిగితే, చాచా జవాబు చెప్పేలోపే “మంచిగుంటది” అని ఈమె చెప్పేసిందంట. చూడకుండనే.

ఎక్స్‌చేంజ్ వదిలినా ఆమెకు రెండు అలవాట్లు పోలే. ఒకటి, ఎదుటోళ్ళు చెప్పింది మళ్ళీ వాళ్ళకే వినిపించుడు. లైన్ల మాట తప్పుగ పోవద్దని ఆపరేటర్లు చేసే పనంట అది. కరెంటు ఆఫీసుకు పోయి, ఎవరన్న “మీ కంప్లయింట్ మాకు అందింది గని రాలేదు” అంటే, ఈమె గొంతు సవరించుకొని, “అంటే మీరు చెప్పేది, కంప్లయింట్ అందింది, కాని రాలేదు. కరెక్టే కదా?” అనేది. ఎక్కిరింపు లేదు, కోపం లేదు. చెప్పినోడు తన మాటను తనే మొదటిసారి వింటుండె. విన్నంక చానామంది కండ్లు కిందికి దించుకునేటోళ్ళు.

రెండోది, రేపు రమ్మంటే పోకపొయ్యేది. “పర్వాలే బిడ్డా, లైన్ల ఉంటా,” అని అక్కడనే గొడుగు మీద రెండు చేతులు ఆనించి కూసునేది. ఏ ఆఫీసుకు పోయినా పెద్దా చిన్నా అందరినీ ‘బిడ్డా’ అనే పిలిచేది. పని కాదు అని తేల్చి చెప్పినోడిని మాత్రం ‘సార్’ అనేది. ఆమె నోట్ల సార్ అనిపించుకున్నోడికి ఇగ బిడ్డ హోదా మళ్ళీ దొరుకుడు కష్టం.

ఇగ కుంట. అది పూర్వం చెరువు. మా తాతల నాటికి కుంటయింది, నా చిన్నప్పటికి క్రికెట్ గ్రౌండ్ అయింది. వానకాలం తప్ప అందుల నీళ్ళుండవు. వానకాలంల గూడ కుంటల చీలమండ లోతు, మా ఇండ్లల్ల మోకాలు లోతు. ఎండాకాలం పెండ్లి టెంట్లు పడ్తయి. ఒక మూలకు కూలగొట్టిన ఇండ్ల మట్టి, పగిలిన టైల్స్ లారీలు తెచ్చి పోస్తుండె. ఇంకో మూలకు ఎవరో సున్నంతోటి గీతలు గీసిపోయిన్రు. గీతలు ప్లాట్ల సైజుల ఉన్నయి. నీళ్ళు లేని చెరువు ఎన్నాళ్ళు చెరువుగ ఉంటదో అందరికీ తెలుసు, ఎవ్వరూ పైకి అనరు.

ఆమె ఫికర్ ప్లాట్లు గాదు, సాక. ఆషాఢంల మైసమ్మకు బోనం ఎక్కించే ముందు సాక పోస్తరు. చెంబెడు నీళ్ళల్ల పసుపు, వేపాకు వేసి అమ్మవారి ముందర ధార పోసుడు. ఆ నీళ్ళు ఆ చెరువుల నుంచే ముంచాలని వాళ్ళ అత్తగారింటి పద్ధతి. గుడి కొలువు వాళ్ళదే. భర్త పోయినంక చెంబు ఆమె చేతికొచ్చింది. చెంబు వచ్చింది గని నీళ్ళు రాలే, ఆషాఢం నాటికి కుంటల బురదనే ఉంటది. అప్పటి సంది సాక నీళ్ళు మినరల్ వాటర్ క్యాన్ నుంచే.

“చెరువును కాసే తల్లికి క్యాన్ నీళ్ళా,” అన్నది ఒకనాడు షాపుల కూసొని. “బిర్యానీ హోటల్ ఓనర్‌కు పక్క హోటల్ నుంచి పార్శిల్ తెచ్చినట్టు లేదురా?”

“ఫిల్టర్ నీళ్ళమ్మా. అమ్మవారికి కడుపునొప్పి రాదు.”

“నువ్వు నన్ను నవ్వియ్యకు. నేను పొయ్యేలోపు ఒక్కసారి ఆ చెంబు ఆ నీళ్ళల్ల మునగాలె. గంతే.”

సరిగ్గ అప్పుడే పేపర్ల పడ్డది. సహజ సరస్సులను బాగుచెయ్యనీకె సర్కారు నిధులిస్తదట, బస్తీ సంఘాలు గూడ దరఖాస్తు పెట్టుకోవచ్చట. మాకు సంఘం ఉంది. ఆమె అధ్యక్షురాలు, నేను కార్యదర్శి, చాచా కోశాధికారి. కోశం లేదు.

దరఖాస్తు షాపులనే నింపినం. ఆమె చిక్కటి పౌనా చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట చెప్తుంది, నేను టైప్ కొడ్తున్న.

“సరస్సు సహజమైనదేనా, అవునా కాదా అని అడుగుతున్నదమ్మా.”

“మరి ప్లాస్టిక్‌దా? అవును అని కొట్టు.”

కొట్టిన. “ఇప్పుడు ఫొటోలు. చెరువు ఫొటో పెట్టాలె.”

“మొదలు అమ్మవారిది పెట్టు.”

“చెరువుదే అడుగుతున్నరమ్మా.”

“శుభలేఖ మీద మొదలు ఎవరుంటరు? పెండ్లికొడుకా, దేవుడా?”

శుభలేఖ ముచ్చట వచ్చినంక ఇగ నేనేం మాట్లాడుత. ఒళ్ళంత పసుపు, వెండి కండ్లు, వెనక రాతికట్ట నిండుగ కనబడేటట్టు ఉన్న మైసమ్మ ఫొటో మా దరఖాస్తుకు మొదటి పేజీ అయింది. దాని కింద ఆమె చెప్పినట్టే రాసిన, ‘శ్రీ కట్ట మైసమ్మ తల్లి దయవలన’.

కొన్నాళ్ళకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఇంజినీరు సిద్దిపేట దిక్కు పిలగాడు, నాకంటె కొంచెం పెద్దోడు. కుర్చీ చూపించిండు, నీళ్ళు తెప్పించిండు. ఇంత మర్యాద చేస్తున్నడంటే పని కాదని నాకు అప్పుడే అర్థమైంది.

“దరఖాస్తు మస్తు రాసిన్రు అమ్మా. కాని మీ చెరువు సహజం కాదు.”

“ఎవరన్నరు బిడ్డా?”

ఆయన కంప్యూటర్ మా దిక్కు తిప్పిండు. మైసమ్మ వెండి కండ్లతోటి మమ్మల్ని చూసింది.

“కట్ట మైసమ్మ అంటే కట్ట మీద ఉండే తల్లే కద. కట్ట ఉందంటే ఎవరో కట్టినట్టే. ఎవరో కడితే మానవ నిర్మితం. ఈ స్కీముల సహజ సరస్సులకే పైసలు.”

ఆమె గొంతు సవరించుకున్నది. నేను కుర్చీ కొంచెం వెనక్కు జరుపుకున్న.

“అంటే మీరు చెప్పేది, దేవుడు చేసిన చెరువు పాడైతే సర్కారు చూసుకుంటది. మనిషి చేసిన చెరువు పాడైతే ఎవ్వరూ చూసుకోరు. కరెక్టే కదా?”

పిలగాడు స్క్రీన్ మీద రూల్ మళ్ళొకసారి చదువుకున్నడు.

“సరే, హైదరాబాదుల దేవుడు చేసిన చెరువు ఒక్కటి చెప్పు.”

ఆయన ఆలోచించిండు. ఉత్తగ గాదు, ఫ్యాను దిక్కు చూసుకుంట నిజంగనే ఆలోచించిండు. “లేదమ్మా,” అన్నడు చివరికి. “అన్నిటికీ కట్టలున్నయి.”

“మరి పైసలు ఎవరికిచ్చిన్రు?”

“ఇంకా ఎవ్వరికీ ఇయ్యలే.”

“మంచిది సార్,” అని ఆమె గొడుగు తీసుకొని లేచింది.

సార్ అంటే ఏందో ఆయనకు తెల్వదు. తెల్వకున్నా తాకింది. తలుపుదాక మా వెంట వచ్చి, గొంతు తగ్గించి, “అమ్మా, మానవ నిర్మితం అని నా దగ్గరున్న ఆధారం ఆ ఫొటో ఒక్కటే. వేరే ఫొటో పెట్టున్రి. పై సార్‌ను తీసుకొని నేనే చూడనీకె వస్త. అది కట్ట గాదు, గుట్ట వాలు, ఎవ్వరూ కట్టలే అని బస్తీల నలుగురు చెప్తే చాలు. అట్లని మీరు ఒక సంతకం పెట్టాలె,” అన్నడు.

ఇంటికి బస్సెక్కినం. చార్మినార్ దాటినంక ఆమె అన్నది, “కట్ట ఎవ్వరూ కట్టలేదని సంతకం పెడితే, మైసమ్మ దేని మీద కూసున్నట్టురా?”

“గట్టు మీద.”

“గట్టు మైసమ్మ అని ఎక్కడన్న విన్నవా?”

“నిధులొస్తే వింటం.”

ఆమె నవ్వలే. “అడిగి పెడ్త సంతకం,” అన్నది.

అడుగుడు అంటే పువ్వు పెట్టుడు. అమ్మవారి రెండు భుజాల మీద రెండు బంతిపూలు పెట్టి మనసుల మాట చెప్పుకోవాలె. కుడిది రాలితే సరే అన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. తెల్లారి పొద్దుగాల ఆమె పూలు పెట్టింది. నేను, చాచా బయట నిలబడ్డం. చాచాకు ఈ వ్యవహారంతోటి సంబంధం లేదు గని ఫలితం మీద ఆసక్తి ఉంది. ఎండెక్కింది. జామకాయలు కొననీకె వచ్చినోళ్ళు గూడ కాసేపు నిలబడి చూసి పోయిన్రు. పూలు కదల్లే.

“అమ్మా, తడి పసుపు మీద పెట్టినవ్. అతుక్కున్నయి.”

“అతుక్కోలే. లైన్ బిజీ ఉంది.”

“లైన్ కలవకపోతే ఆపరేటర్ ఏం చేస్తదమ్మా?”

“పార్టీ జవాబిస్తలేదని చెప్పి, తర్వాతి పని చూసుకుంటది,” అన్నది. మధ్యాహ్నం షాపుకొచ్చి సంతకం పెట్టింది. నేను దరఖాస్తుల అమ్మవారి ఫొటో తీసేసి, కట్ట కనబడని కుంట ఫొటో పెట్టిన.

తర్వాత బస్తీకి ట్రైనింగ్ మొదలైంది. ఎక్స్‌చేంజమ్మ ఒక్కొక్కరిని ఆపి అడుగుతుంది, “కట్ట ఎవరు కట్టిన్రు?” “ఎవ్వరూ కట్టలే.” “శాబాష్.” ఇస్త్రీ దుకాణమాయన చెప్పిండు. కంపెనీల ఫిట్టర్ పని చేసి రిటైరైనాయన చెప్పిండు. చాచా అయితే అడగకముందే “కిసీనే నై బనాయే ఆపా, అల్లా కా దేన్ హై,” అని, అంటే దేవుడిచ్చిందేనని, ఆకాశం దిక్కు చెయ్యి చూపేటోడు. ఇంత క్రమశిక్షణ మా బస్తీల ఓట్ల లైన్లగూడ చూడలే. గుడికి రంగులేస్తున్నట్టు టార్పాలిన్ కప్పి, ముందర సున్నం బకెట్, కుంచె పెట్టించింది. అమ్మవారి మొఖం కప్పే ముందు మాత్రం చెంపలేసుకున్నది.

సార్లు ఎండాకాలంల పొద్దున వచ్చిన్రు. పై సారు నెమ్మదిగ మాట్లాడే పెద్దమనిషి, తెల్ల జుట్టు. ఎవరు కట్టిన్రు అని ఆయన ఎవ్వరినీ అడగలే. కట్ట పొడుగునా నడిచిండు, వంగి రాళ్ళ మీద చెయ్యి పెట్టిండు, కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూసిండు. ఇదంత నాటకమో, నిజంగనే మురిసిపోయిండో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

“అబ్బా,” అన్నడు. “సిమెంటు లేదు, ఏం లేదు. రాయి మీద రాయి ఎంత ముద్దుగ కూసున్నది! ఇసొంటి పని ఇప్పుడు ఎవనికి చేతనైతది? వీటిని పేర్చిన చేతులకు దండం పెట్టాలె.”

చాచా మొఖం ఎర్రగయింది. ఆపుకున్నడు, నేను చూసిన, ఆయన శక్తికి మించి ఆపుకున్నడు.

“మేరే దాదా, సాబ్,” అన్నడు.

“ఏమన్నరు?”

“ఏ పత్తరాం. మేరే దాదా ఉఠాయే. సిపాయి థే, ఫిర్ భీ ఉఠాయే.” ఈ రాళ్ళు వాళ్ళ తాత మోసిండంట, సిపాయి అయినా మోసిండంట.

అంతే. ఇస్త్రీ ఆయన ముందుకొచ్చి, సిపాయిలు మోసిన్రు గని రాళ్ళు కొట్టింది మా ముత్తాత అన్నడు. ఫిట్టర్ సారు, రాళ్ళు ఎవరన్న కొడ్తరు, కట్టకు వంపు తీసిన లెక్క మా పూర్వీకులది అన్నడు. సిద్దిపేట పిలగాడు నా దిక్కు చూసిండు. నేను ఎక్స్‌చేంజమ్మ దిక్కు చూసిన. ఆమె పెదాలు బిగించి, గొడుగు కర్రను రెండు చేతులతోటి పట్టుకొని నిలబడ్డది. అప్పుడే చాచా చెయ్యి ఇటు కొస నుంచి అటు కొస దాక ఊపి, “పూరా కట్టా సాబ్, పూరా మేరే దాదా ఇచ్,” అన్నడు.

“భాయ్! పూరా కట్టా నక్కో బోలో!”

మొత్తం కట్ట అనొద్దని అరిచింది ఆమె. దుబాయి దాక వినబడే గొంతు అది.

“తూము కాడి రాళ్ళు మా మామగారి తాతవి. తూము నిలబెట్టిన నాడే తల్లిని నిలబెట్టిన్రు. ఆ తల్లి కట్ట మీద కూసున్నంకనే మీ దాదా రాయి ముట్టుకున్నడు. కావాలంటే చూస్కో!” అని ఉరికి పోయి టార్పాలిన్ పట్టుకొని గుంజింది. సున్నం బకెట్ బోర్లపడ్డది. మైసమ్మ బయటికొచ్చింది. ఆమె నిలబడ్డ కట్టరాయి గూడ బయటికొచ్చింది.

పై సారు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నడు. “చాలా సంతోషం అమ్మా,” అన్నడు. “ఇంతమంది కట్టిన చెరువు నేను ఇంతకుముందు చూడలే.” జీపు ఎక్కినంక మానవ నిర్మితం అని రాసుకున్నడు. రాసేటప్పుడు గూడ ఆయన మొఖం సంతోషంగనే ఉంది.

అందరూ పోయినంక గుడి మెట్టు మీద ఆమె పక్కన కూసొని అడిగిన, “కావాలని అన్నవా అమ్మా, ఆగలేక అన్నవా?”

“క్రాస్ కనెక్షన్ అయిందిరా,” అన్నది. బోర్లపడ్డ సున్నం బకెట్ నిలబెట్టుకుంట మళ్ళీ, “చాచా పూరా కట్ట ఎత్తుకపోతుంటే ఊకుంటనా?” అన్నది. ఈ రెండిట్ల ఏది అసలు జవాబో నేను ఇంకా తేల్చుకోలే. చెంబు ఆ నీళ్ళల్ల ముంచాలన్న మనిషి, చేతికొచ్చే నీళ్ళను ఒక్క అరుపుతోటి పారబోసుకున్నది. అయినా ఆ పొద్దు ఆమె మొఖంల బాధ కంటె, చాన్నాళ్ళ తర్వాత ఎవరితోనో మాట కలిసినంత తృప్తి కనబడ్డది. బహుశా ఎండ.

మనుషులు కట్టిన చెరువులకు వేరే స్కీము ఉందంట. పిలగాడు ఫోన్ చేసి చెప్పిండు. దానికి ఆ చెరువు కింద పంట పొలాలుండాలెనంట. “మీ చెరువు కింద ఏమున్నయి?” అని అడిగిండు. పెండ్లి టెంట్లున్నయి అని చెప్పిన. ఆ తలుపు గూడ మూసుకున్నది.

కొన్నాళ్ళు ఆమె షాపుకు రాలే. ఆ సంవత్సరం సాక గూడ క్యాన్ నీళ్ళే. పానం బాగలేదేమో అని ఇంటికి పోయి చూస్తే, ల్యాండ్‌లైన్ చెవికి పెట్టుకొని కూసున్నది. అవతల సిద్దిపేట పిలగాడు. దినాం ఫోన్ చేస్తున్నదంట. పని లేదు, అడిగేదేం లేదు, ఉత్తగనే లైన్ల ఉంటున్నది. ఆయన వేరే పని చేసుకుంట ఫోన్ బల్ల మీద పెడ్తున్నడు. అట్ల పెట్టి పెట్టి ఒకనాడు విసుగొచ్చి నోరు జారిండు, “చెరువులకు పైసలు లేవమ్మా. నిమజ్జనం అయినంక చెరువులల్ల విగ్రహాలు తీసే పైసలున్నయి, అవి ఏటేటా వస్తయి, మిగుల్తయి గూడ.”

ఆమె గొంతు సవరించుకున్నది.

“అంటే మీరు చెప్పేది, చెరువుల ఏమన్న పడేస్తే తియ్యనీకె పైసలున్నయి. పడెయ్యకపోతే లేవు. కరెక్టే కదా?”

“...కరెక్టే అమ్మా.”

“చల్లగుండు బిడ్డా,” అని ఫోన్ పెట్టేసింది. బిడ్డ హోదా మళ్ళీ దొరికినోడు నాకు తెలిసి ఆయనొక్కడే.

చిన్న విగ్రహాల నిమజ్జన స్థలం కావాలని దరఖాస్తు పెట్టినం. ఒకటే పేజీ. సహజమా, మానవ నిర్మితమా అని ఎవ్వరూ అడగలే. వారంల మంజూరైంది. చీలమండ లోతు నీళ్ళు చాలు అన్నరు, చిన్న విగ్రహాలే గద.

తర్వాత నన్ను ధూల్‌పేట్ తీసుకపోయింది. గణపతులు చేసే ఒకాయన ముందర నిలబడి, ప్లాస్టర్‌వి వద్దు, మా బస్తీకి మొత్తం పచ్చి మట్టివే కావాలన్నది.

“మట్టియి బరువుంటయమ్మా. పగుల్తయి.”

“బరువే కావాలె. ఒక్కొక్కదానికి మట్టి ఎంత పెడ్తవ్?”

ఆయన చేతులతోటి చూపించిండు.

“ఇంకింత పెట్టు. బొజ్జ పెద్దగ చెయ్యి.”

ఆయన నా దిక్కు తిరిగిండు. “అందరూ తేలికది అడుగుతరు. ఈమె ఏంది భాయ్?”

ఏమని చెప్పాలె? చెరువుల మట్టి తియ్యనీకె ముందు చెరువుల మట్టి పోసే మనిషి అని చెప్తే నమ్ముతడా? భక్తి ఎక్కువ అని చెప్పిన. నమ్మిండు.

నిమజ్జనం తెల్లారి జేసీబీ వచ్చింది. డ్రైవర్‌కు ఆమె ఫ్లాస్క్‌ల చాయ్, చాచా బండి నుంచి జామకాయలు పట్టుకొని పోయింది. పైన ఉన్న గణపతులను తీసి ఆయన ఇంజన్ బంద్ చెయ్యబోతే, గొడుగుతోటి చూపించింది.

“ఆడ గూడ ఉన్నడు బిడ్డా.”

“లేడమ్మా. మట్టే ఉంది.”

“మట్టి గణపతే బిడ్డా, మట్టి లెక్కనే ఉంటడు. తవ్వు.”

తవ్విండు. “అమ్మా, ఇక్కడ దేవుడు లేడు!”

“ఉంటడు, ఇంకా కిందికి పో.”

దేవుడు ఉన్నడా లేడా అన్న పంచాయితీ ఇంత పనికొచ్చేటట్టు నడిచింది నేనెక్కడా చూడలే. ఆ చర్చల టైల్స్ బయటికొచ్చినయి, కూలిన ఇండ్ల మట్టి బయటికొచ్చింది, నేను చిన్నప్పుడు పోగొట్టుకున్నట్టే ఉన్న ఒక బ్యాటు బయటికొచ్చింది. సున్నం గీతలున్న మూల గూడ పోయింది, ఆడ ఒక గణపతి దాచుకున్నడని ఆమెకు గట్టి నమ్మకం. ఏటేటా గిదే కథ. డ్రైవర్లు మారిన్రు, ఆమె గొడుగు మారలే. సిద్దిపేట పిలగాడు సంతకం కోసం వచ్చి గుంత అంచున నిలబడి లోపలికి చూసిండు.

“అమ్మా, ఇంత లోతుల గణపతులా?”

“పాతయి బిడ్డా.”

ఆయన పెన్ను తీసి, విగ్రహ వ్యర్థాలు అని రాసి సంతకం పెట్టిండు.

పోయినేడు ఆషాఢం నాటికి తూము దగ్గర నీళ్ళు నిలిచినయి. మోకాలి లోతు. బోనాల పొద్దు ఆమె చెంబు పట్టుకొని మెల్లగ దిగింది. నేను ఒక చెయ్యి పట్టుకున్న. చాచా పైన నిలబడి ఆమె గొడుగు పట్టుకున్నడు. నీళ్ళు ఆకుపచ్చగ ఉన్నయి, ఒక కురుకురే ప్యాకెట్ తేలుతుంది, వాసన గూడ ఉంది. ఆమె ప్యాకెట్‌ను పక్కకు జరిపి చెంబు ముంచింది. బుడబుడమని చప్పుడైంది. ఆమె తల వంచి ఆ చప్పుడు ఆగేదాక విన్నది, ఎవరో అవతలి నుంచి మాట్లాడుతున్నట్టు.

“పచ్చగున్నయమ్మా నీళ్ళు,” అని మెల్లగ చెప్పిన.

“పసుపు వేస్తే అన్ని నీళ్ళూ ఒకటే రంగు,” అన్నది.

సాక పోసింది. ధార నేల మీద పడి, కట్టరాళ్ళ సందులల్లకు ఇంకిపోయింది. డప్పులు మొదలైనయి. పై నుంచి చాచా, “ముబారక్ ఆపా,” అన్నడు. ఏడుస్తదేమో అని నేను జేబు రుమాలు తీసి పట్టుకున్న. ఆమె చెంబు బోర్లించి నీళ్ళు దులిపి, “క్యాన్ వానికి ఇగ వద్దని చెప్పు,” అన్నది.

ఆ చలికాలమే పోయింది. అందుల గూడ డ్రామా ఏం లేదు. పగటిపూట పప్పన్నం తిని పడుకున్నది, లేవలే. ల్యాండ్‌లైన్ రిసీవర్ పక్కకు తీసిపెట్టి ఉండె. ఎవరితోటి మాట్లాడుతుండెనో అని సిద్దిపేట పిలగాడిని అడిగిన. నాతోటి కాదు అన్నడు. రిసీవర్ సరిగ్గ పెట్టకపోయి ఉండొచ్చు.

కుంటల ఇప్పుడు ఎండాకాలం గూడ నీళ్ళుంటున్నయి. తెల్ల కొంగలు వస్తున్నయి. చెంబు ఇప్పుడు వాళ్ళ కోడలు దగ్గరుంది. నీళ్ళున్న తాన దోమలుంటయి గాబట్టి మంగళవారం పొద్దుగాల మునిసిపాలిటోళ్ళు వచ్చి పొగ కొడ్తరు. ఆ టైముకు కిటికీలు మూసుకోవాలె, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోవాలె.